ఖరీదైన గ్యాస్ పొయ్యి కొనేముందు చూడవలసింది చిన్న మంట

వంటగది సామగ్రి అమ్మే పెద్ద దుకాణాల్లో గ్యాస్ పొయ్యి ధర నేడు కొన్ని వేల రూపాయల దగ్గర మొదలై కొన్ని లక్షల దాకా పోతోంది. కొత్త ఇల్లు కట్టుకున్నవారు, అపార్ట్‌మెంట్‌లో వంటగది మార్పించుకుంటున్నవారు ఈ రెండు కొసల మధ్య నిలబడి తికమకపడటం సహజం. చవకైనదైనా ఖరీదైనదైనా పొయ్యి చేసే పని ఒక్కటే. వాయువును తగిన పాళ్లలో గాలితో కలిపి మండించి, ఆ వేడిని గిన్నె అడుగుకు చేర్చడం. మరి అదనంగా చెల్లించే డబ్బు ఎక్కడికి పోతోంది? కొంత ఉక్కుకు, గాజుకు, అందానికి పోతుంది. కొంత పెద్ద మంటకు, కొంత ఆ మంటను అదుపులో ఉంచే ఏర్పాట్లకు పోతుంది. అమ్మకందారులు గట్టిగా చెప్పేది పెద్ద మంట గురించి. వంట చేసేవారికి రోజూ పనికొచ్చేది అదుపు. మంట ఆరిపోతే గ్యాస్ తనంతట తానే ఆగుతుందా అన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు ఎవరి నోటా రాదు.

ముందుగా పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. గట్టు మీద కాళ్లతో నిలబడి, ఎత్తి పక్కన పెట్టుకోగలిగేది స్టవ్. గట్టు రాయిని కోసి అందులో దించి బిగించేది హాబ్. పైన బర్నర్లు, కింద ఓవెన్ కలిసి ఒకే యంత్రంగా నేల మీద నిలిచేది కుకింగ్ రేంజ్. ఇంగ్లీషులో ‘రేంజ్’ అన్న మాటకు మూలార్థం వరుస. అనేక గిన్నెలను ఒక వరుసలో పెట్టి వండే పొయ్యికి ఆ పేరు స్థిరపడింది. తెలుగు ఇళ్లలోనూ పెద్ద పొయ్యికి ఆనించి, మిగులు సెగతో పాలో నీళ్లో కాగేందుకు మరో చిన్న పొయ్యి వేసే అలవాటు ఉండేది. అంటే ఒక మంట వంటకు, మరొకటి కాచడానికి అన్న విభజన కొత్తది కాదు. నేటి ఖరీదైన పొయ్యిలను తూచడానికి ఆ విభజనే మంచి తూనికరాయి.

హోటల్ పొయ్యి ఇంట్లోకి వచ్చిన తీరు

లక్షల ఖరీదు చేసే గ్యాస్ రేంజ్‌లకు పుట్టిల్లు అమెరికా, ఐరోపా. అమెరికాలో 1950ల నుంచే వంట మీద మక్కువ గల కొందరు హోటళ్లలో వాడే బరువైన పొయ్యిలను కొని ఇంట్లో పెట్టుకునేవారు. ఫ్రెంచి వంటను అమెరికన్లకు పరిచయం చేసిన జూలియా చైల్డ్ ఇంట్లో ఉన్నది గార్లాండ్ సంస్థ హోటళ్ల కోసం చేసిన పొయ్యి. ఆమె వంటగది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ప్రదర్శనలో ఉంది. అయితే హోటల్ పొయ్యిలతో ఇళ్లలో చిక్కులు వచ్చాయి. వాటి పక్కలకు వేడిని ఆపే పొర తక్కువ. చెక్క అరల పక్కన పెడితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉండేది. ఎప్పుడూ వెలుగుతూ ఉండే పైలట్ మంటలు గ్యాస్‌ను వృథా చేసేవి.

ఈ లోపాలు సరిదిద్ది, హోటల్ పొయ్యి రూపంతోనే ఇళ్లకు సరిపడే రేంజ్‌ను 1980లలో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్ పట్టణం నుంచి వైకింగ్ సంస్థ బయటకు తెచ్చింది. దాన్ని స్థాపించిన ఫ్రెడ్ కార్ల్ అంతకుముందు ఇళ్ల నిర్మాణ రంగంలో ఉన్నవారు. తర్వాత ఉల్ఫ్, థర్మడోర్, బ్లూస్టార్ వంటి పేర్లు అదే బాట పట్టాయి. ఇటలీ నుంచి బెర్తజోనీ, స్మెగ్. ఫ్రాన్స్ నుంచి లా కోర్న్యూ ఇదే అంతస్తులో నిలిచాయి. ఎర్రని నాబ్‌లు, మందపాటి ఉక్కు, పోత ఇనుప చట్రాలు హోదాకు చిహ్నాలయ్యాయి. మన దేశంలో ఈ తరహా రేంజ్‌లు కొనేవారు కొద్దిమందే. కానీ వాటి భాష మాత్రం హాబ్‌ల దుకాణాల్లోకి వచ్చేసింది. ‘ప్రొఫెషనల్ బర్నర్’, ‘హై పవర్’ అన్న మాటలన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

కిలోవాట్ల లెక్క

అమెరికా పొయ్యిల బలాన్ని గంటకు ఇన్ని బీటీయూలు అని, మిగతాచోట్ల కిలోవాట్లలో చెబుతారు. ఒక కిలోవాట్ అంటే సుమారు 3,412 బీటీయూలు. అక్కడి హోటల్ తరహా బర్నర్ మీద కనిపించే 18,000 అన్న అంకె భయపెట్టేంత పెద్దదిగా ఉన్నా, అది 5.3 కిలోవాట్లే. మన మామూలు స్టవ్‌లో పెద్ద బర్నర్ రెండు కిలోవాట్లకు అటూ ఇటూ ఉంటుంది. ఖరీదైన హాబ్‌లలో మూడు వలయాల బర్నర్ నాలుగు కిలోవాట్లు దాటుతుంది.

మంట రెట్టింపైతే వంట సగం సమయంలో అయిపోతుందా? ఒక చిన్న లెక్క చూడవచ్చు. మూడు లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 900 కిలోజౌళ్ల వేడి కావాలి. రెండు కిలోవాట్ల బర్నర్ తన వేడిలో 65 శాతాన్ని గిన్నెకు అందిస్తోందనుకుంటే పని పన్నెండు నిమిషాల లోపు పూర్తవుతుంది. నాలుగు కిలోవాట్ల బర్నర్ మీద అదే గిన్నె పెడితే మంట అంచులు దాటి పక్కలకు పోతుంది కాబట్టి అందేది 55 శాతమే అనుకుందాం. అప్పుడు పట్టేది దాదాపు ఏడు నిమిషాలు. ఐదు నిమిషాలు ఆదా అవుతాయి, గ్యాస్ మాత్రం 18 శాతం ఎక్కువ ఖర్చవుతుంది. ఈ శాతాలు ఉదాహరణ కోసం తీసుకున్నవే. గిన్నె వెడల్పు మారితే అవీ మారతాయి. వెడల్పాటి గుండిగ పెడితే పెద్ద బర్నర్ పెద్దగా నష్టపోదు. పాలగిన్నె పెడితే సగానికి సగం వేడి గదిలోకే పోవచ్చు. ప్రెషర్ కుక్కర్ విషయం మరీ స్పష్టం. లోపల ఆవిరి నిండి కూత మొదలయ్యాక అదనపు మంటతో పప్పు త్వరగా ఉడకదు, కూతలే ఎక్కువవుతాయి.

పెద్ద మంట వృథా అని దీని అర్థం కాదు. వేపుళ్లకు, పెద్ద బాణలిలో గారెలు వేయడానికి, పండుగనాడు ఇరవైమందికి పులిహోర అన్నం వార్చడానికి అది నిజంగా కావాలి. చల్లని పిండి పడ్డాక కూడా నూనె వేడి తగ్గకుండా నిలబెట్టేది ఆ బలమే. కానీ ఒక ఇంటికి అటువంటి బర్నర్ ఒకటి చాలు. నాలుగూ అలాంటివే ఉన్నాయని చెప్పే పొయ్యి గొప్పదన్నది వాణిజ్య ప్రకటన తర్కం.

గృహ వినియోగ ఎల్పీజీ పొయ్యిలకు మన దేశంలో ఐఎస్ 4246 అన్న ప్రమాణం ఉంది. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బర్నర్ ఉష్ణ సామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలని ఆ ప్రమాణం చెబుతుంది. నిర్ణీత కొలతల అల్యూమినియం గిన్నెలో నీటిని వేడి చేసి దీన్ని కొలుస్తారు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నక్షత్రాల గుర్తు కూడా గ్యాస్ పొయ్యిలకు ఉంది. నక్షత్రాలు ఎక్కువైతే సిలిండర్ ఎక్కువ రోజులు వస్తుంది. దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతి అవుతున్నప్పుడు ఇది ఒక ఇంటి లెక్క మాత్రమే కాదు. అయితే నీళ్లు ఎంత పొదుపుగా కాగుతాయో చెప్పే ఆ గుర్తు, పాలు ఎంత నెమ్మదిగా కాగగలవో చెప్పదు.

సన్నని సెగ అసలు పరీక్ష

వెనుకటి పల్లెటూరి ఇళ్లలో పాలు కాగింది పొయ్యి మీద కాదు, దాలిలో. నేలలో తవ్విన గుంటలో పిడకలు రాజేసి, వాటి సెగ మీద పాలకుండ పెడితే గంటల తరబడి కాగి, ఎర్రగా మీగడ కట్టేది. ఆ పనికి కావలసింది మంట కాదు, తగ్గి కూడా ఆరిపోని వేడి. గ్యాస్ పొయ్యి తయారీలో కష్టమైనది కూడా ఇదే. వాయువు ఒత్తిడి బాగా తగ్గితే మంట బర్నర్ రంధ్రాలను అంటిపెట్టుకోలేక, చిన్న గాలికి కూడా ఆరిపోతుంది. అందుకే చౌక పొయ్యిల్లో కనిష్ఠ మంట కూడా ఎక్కువగానే ఉంచుతారు.

ఖరీదైన వాటిలోనూ ఒక చిక్కు ఉంది. మూడు వలయాల బర్నర్ ఒకే వాల్వ్‌తో నడిచేదైతే, నాబ్‌ను పూర్తిగా తగ్గించినా మూడు వలయాలూ వెలుగుతూనే ఉంటాయి. అలాంటి వాటిలో కనిష్ఠ మంట చాలాసార్లు ఒకటిన్నర కిలోవాట్ల దగ్గర ఆగిపోతుంది. పక్కనే ఉన్న చిన్న బర్నర్ పూర్తి మంట ఒక కిలోవాటే. అంటే పెద్ద బర్నర్ ‘సిమ్’ చిన్న బర్నర్ ‘హై’ కంటే ఎక్కువ! దమ్ బిర్యానీ అడుగంటినప్పుడు వంటమనిషిని తప్పుపట్టడం ఆనవాయితీ. తప్పు వాల్వ్‌ది కూడా కావచ్చు. లోపలి వలయానికి, బయటి వలయాలకు వేర్వేరు దారులున్న వాల్వ్ ఉంటే పెద్ద బర్నర్ కూడా 300 వాట్ల దాకా దిగగలదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ధరలో కంటే వివరాల పత్రంలో తెలుస్తుంది. ఆ పత్రంలో గరిష్ఠం పక్కన కనిష్ఠం కూడా రాసి ఉందా అన్నదే చూడాలి. గరిష్ఠం ఒక్కటే అచ్చువేసిన పత్రం సగం పత్రమే.

విదేశీ సంస్థలు ఈ సమస్యను తలా ఒక రీతిలో పరిష్కరించుకున్నాయి. ఉల్ఫ్ బర్నర్‌లో రంధ్రాలు పైన ఒక వరుస, కింద ఒక వరుసగా ఉంటాయి. మంట పూర్తిగా తగ్గించినప్పుడు కింది వరుస మాత్రమే వెలుగుతుంది. థర్మడోర్ కొన్ని బర్నర్లలో మంటను తనంతట తానే ఆర్పి వెలిగిస్తూ సగటు వేడిని తగ్గిస్తుంది. చాక్లెట్ కరిగించడానికి అది బాగుంటుంది. పాకం దగ్గర నిలబడినవారికి మాత్రం ఆరి వెలిగే మంట కంటే నిలకడగా ఉండే మంటే నమ్మకం కలిగిస్తుంది. అరిసెల పాకం ఉండపాకం దాటి ముదరడానికి క్షణాలు చాలు. అక్కడ నాబ్ తిప్పగానే మంట తగ్గాలి, తగ్గినచోటే నిలవాలి.

బర్నర్‌లో మరో భేదం మూసినది, తెరిచినది అన్నది. మూసిన బర్నర్ చుట్టూ పలక అతికి ఉంటుంది. పాలు పొంగితే తుడిస్తే చాలు. అయితే మంట మూత కింది నుంచి పక్కలకు వస్తుంది కాబట్టి గిన్నె నడుమ భాగం కొంత చల్లగా, చుట్టూ వలయంగా వేడిగా ఉంటుంది. అట్లపెనం మీద దోసె అంచులు ఎర్రబడి నడుమ తెల్లగా మిగలడానికి ఇది ఒక కారణం. బ్లూస్టార్ వంటి సంస్థలు వాడే తెరిచిన బర్నర్లలో మంట నేరుగా పైకి లేచి నడుమకు కూడా అందుతుంది. వాటిలో చిందినదంతా కింది పళ్లెంలో పడుతుంది. ఆ పళ్లెం లాగి కడిగే ఓపిక ఉన్నవారికే అవి తగినవి. మన ఊళ్లలో దొరికే మామూలు ఇత్తడి బర్నర్ స్టవ్ ఈ రెంటికీ మధ్యస్థం. లక్షల రూపాయల మూసిన బర్నర్ కంటే దాని మీదే దోసె సమంగా కాలుతుందని ఎవరైనా అంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

బర్నర్ లోహం విషయంలో డబ్బు ఖర్చు సార్థకమే. పూర్తిగా ఇత్తడితో చేసినది వేడికి వంకర పోదు, రంధ్రాలు త్వరగా చెడవు. పలుచని అల్యూమినియం మీద ఇత్తడి మూత మాత్రమే పెట్టినవి కూడా ‘బ్రాస్ బర్నర్’ పేరుతోనే అమ్ముడవుతాయి. చేతిలోకి తీసుకుంటే బరువే నిజం చెబుతుంది. గాజు పలక అందంగా ఉన్నా, అంచుకు దెబ్బ తగిలినా, అతి వెడల్పాటి గిన్నె వేడిని కిందికి తిప్పికొట్టినా పగిలే అవకాశం ఉంటుంది. టఫెన్డ్ గాజు పగిలితే చిన్న చిన్న ముక్కలవుతుంది, అది దాని సుగుణమే. తరచూ పెద్ద పాత్రలతో వండే ఇంట్లో ఉక్కు పలక నిశ్చింత. వెడల్పు కూడా ముఖ్యమే. 60 సెంటీమీటర్ల హాబ్‌లో నాలుగు బర్నర్లు ఇరికిస్తే రెండు పెద్ద గిన్నెలు పక్కపక్కన పట్టవు. 75 లేదా 90 సెంటీమీటర్లలో మూడు బర్నర్లు ఉండటమే తెలుగు వంటకు అనువు.

మంట ఆరితే ఏమవుతుంది?

నాబ్ తిప్పగానే దానంతటది వెలగడాన్ని ‘ఆటో ఇగ్నిషన్’ అంటారు. మంట ఆరిపోతే గ్యాస్ దానంతటది ఆగిపోయే ఏర్పాటు వేరు, దాని పేరు ‘ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్’. మొదటిది సౌకర్యం, రెండోది ప్రాణరక్షణ. దుకాణంలో ఈ రెంటినీ కలిపి ‘ఆటోమేటిక్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం తరచూ జరుగుతుంది. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన రెండోది ఉంటుందన్న హామీ లేదు. ఐరోపా మార్కెట్ కోసం చేసే హాబ్‌లలో అది మామూలు విషయం. మన దగ్గర అదే రూపంలో అమ్మే కొన్నింటిలో ఉండదు.

అది పనిచేసే తీరు సరళం, విద్యుత్తుతో పని లేదు. బర్నర్ పక్కన పుల్లలా నిలిచిన చిన్న లోహపు కొస ఉంటుంది. రెండు భిన్న లోహాలను అతికి చేసిన ఆ కొస మంటకు వేడెక్కినప్పుడు అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. వాల్వ్‌లోని చిన్న అయస్కాంతం ఆ విద్యుత్తుతోనే దారిని తెరిచి పట్టుకుంటుంది. పప్పు పొంగో, కిటికీ గాలికో మంట ఆరితే కొస చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, గ్యాస్ ఆగిపోతుంది. ఇదంతా సాధారణంగా నిమిషం లోపే ముగుస్తుంది. వెలిగించేటప్పుడు నాబ్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవలసి రావడం ఇందువల్లే. దాన్ని లోపంగా భావించి ‘సరిచేయమని’ అడిగేవారున్నారు.

సిలిండర్ వాడే ఇంట్లో దీని విలువ మరింత ఎక్కువ. ఎల్పీజీ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి లేచి కిటికీ గుండా పోదు, కిందికి దిగి నేల మీద, అరల అడుగున పేరుకుంటుంది. హాబ్ అయితే దాని గొట్టాలు, అతుకులు గట్టు కింద కంటికి కనబడని చోట ఉంటాయి. అందుకే హాబ్ కింది అరకు నేలమట్టాన గాలి ఆడే కంతలు ఉండాలి. అందాన్ని చూసి వాటిని మూసేయించడం ప్రమాదాన్ని బిగించి పెట్టుకోవడమే. ఈ ఏర్పాటు బర్నర్ మీది మంటకే కాపలా, రబ్బరు గొట్టానికి కాదని కూడా గుర్తుంచుకోవాలి. చమురు సంస్థల సురక్షా గొట్టాన్ని ఐదేళ్లకు ఒకసారి మార్చాలి. వాసన వస్తే స్విచ్చులు తాకకుండా, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, 1906 నంబరుకు ఫోన్ చేయాలి. లక్షల పొయ్యికైనా, రెండు వేల పొయ్యికైనా ఈ నియమం ఒకటే.

సిలిండరా, పీఎన్‌జీనా?

ఒకే ఘనపరిమాణంలో ఎల్పీజీకి సహజ వాయువు కంటే దాదాపు రెండున్నర రెట్లు శక్తి ఉంటుంది. ఇంటికి చేరే ఒత్తిడి కూడా వేరు. మన సిలిండర్ రెగ్యులేటర్ సుమారు 30 మిల్లీబార్ల వద్ద వాయువును ఇస్తే, పీఎన్‌జీ సుమారు 21 వద్ద వస్తుంది. కాబట్టి బర్నర్‌కు వాయువును చిమ్మే జెట్ రంధ్రం రెండింటికీ ఒకటి కాదు. ఎల్పీజీ జెట్‌కు పీఎన్‌జీ ఇస్తే మంట నీరసంగా ఉంటుంది. పీఎన్‌జీ జెట్‌కు ఎల్పీజీ ఇస్తే మంట పసుపుపచ్చగా ఎగసి మసి పడుతుంది, అది అపాయకరం కూడా. హైదరాబాద్, విజయవాడలలో భాగ్యనగర్ గ్యాస్, ఢిల్లీలో ఇంద్రప్రస్థ, ముంబయిలో మహానగర్ సంస్థలు పైపులు వేస్తూ పోతున్నాయి. ఇవాళ సిలిండర్ ఉన్న ఇంటికి రేపు పైపు రావచ్చు. అందుకే హాబ్ కొనేటప్పుడు రెండో జత జెట్‌లు ఇస్తారా, మార్చేవారు ఎవరు, కనిష్ఠ మంట మరను కూడా సర్దుతారా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు. జెట్ మార్చి ఆ మరను వదిలేస్తే పూర్తి మంట బాగానే ఉంటుంది, సన్నని సెగ మాత్రం పాడవుతుంది.

విదేశీ పెద్ద రేంజ్‌ల దగ్గర మరో లెక్క అడ్డు వస్తుంది. 18,000 బీటీయూల బర్నర్లు ఆరు ఒకేసారి పూర్తిగా వెలిగితే అది దాదాపు 32 కిలోవాట్లు. గంటకు రెండున్నర కిలోల ఎల్పీజీ కావాలి. 14.2 కిలోల సిలిండర్ ఆరు గంటలు కూడా రాదు. అంతకన్నా ముందు, ఇంటి రెగ్యులేటర్ అంత ప్రవాహానికి చేసినది కాదు. సిలిండర్‌లోని ద్రవం అంత వేగంగా ఆవిరి కావలసి వస్తే చల్లబడి, బయట చెమ్మ పట్టి, ఒత్తిడి పడిపోతుంది. అంటే కొన్న బలంలో చాలా భాగం పొయ్యి దాకా చేరనే చేరదు.

అమెరికా నుంచి స్వదేశానికి తిరిగివస్తూ అక్కడి రేంజ్‌ను కంటైనర్‌లో వేసుకురావాలని తలచే తెలుగు కుటుంబాలకు ఇంకొన్ని చిక్కులున్నాయి. అక్కడి ఇళ్లలో ఎక్కువ భాగం సహజ వాయువు జెట్‌లే. వెలిగించే స్పార్క్‌కు, ఓవెన్ ఫ్యాన్‌కు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ల విద్యుత్తు కావాలి. ఇక్కడున్నది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. జెట్‌లు మార్పించి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, నాలుగేళ్లకు ఒక వాల్వ్ చెడితే విడిభాగం కోసం సముద్రం దాటవలసిందే. అక్కడ అమ్మేసి రావడమే తెలివైన పని.

పొగ పోయే దారి

ఒక కిలో ఎల్పీజీ మండితే సుమారు మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్, కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడతాయి. వాటితోపాటు నైట్రోజన్ డయాక్సైడ్, మంట సరిగా లేకుంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తాయి. మంట పెద్దదైతే ఇవన్నీ ఆ మేరకు పెరుగుతాయి. కట్టెల పొగతో పోలిస్తే గ్యాస్ ఎంతో మెరుగన్నది నిస్సందేహం. అయితే తలుపులు మూసి ఏసీ వేసుకునే, వంటగదికి గోడ లేని కొత్త తరహా ఫ్లాట్లలో ఈ వాయువులు హాల్లోకే చేరతాయి. అమెరికాలో గ్యాస్ పొయ్యిల మీద 2023లో రాజకీయ వివాదమే చెలరేగింది. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రం కొత్త భవనాల్లో గ్యాస్ వాడకాన్ని పరిమితం చేసే చట్టం తెచ్చింది.

అందువల్ల నాలుగు కిలోవాట్ల బర్నర్ కొంటున్నవారు చిమ్నీని విడిగా కాక పొయ్యితో కలిపే లెక్కవేసుకోవాలి. గొట్టం ద్వారా బయటకు పంపే చిమ్నీయే చిమ్నీ. బొగ్గు వడపోతతో గాలిని తిరిగి గదిలోకే వదిలేది తాలింపు ఘాటును, జిడ్డును కొంత పట్టుకుంటుందే తప్ప కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారికి ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ చాలా ఇళ్లలో పొయ్యి పైన మైక్రోవేవ్ కింద ఉండే చిన్న ఫ్యాన్ గాలిని గదిలోనే తిప్పుతుంది. ఎండుమిర్చి వేగితే పొగ గంట మోగుతుంది. అక్కడి నిర్మాణ నియమాలు అనేక చోట్ల మరో సూక్ష్మాన్ని కూడా పట్టించుకున్నాయి. నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి గాలిని లాగే చిమ్నీ పెడితే, అంత గాలి ఇంట్లోకి రావడానికి దారి కూడా చూపాలి. మన దగ్గర అంతకు మించిన శక్తి గల చిమ్నీలు అమ్ముడవుతున్నాయి, కిటికీ తీసి ఉంచమని చెప్పేవారే అరుదు.

ఓవెన్ గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గ్యాస్ ఓవెన్‌లో ఆవిరి చేరి కొంత తేమ ఉంటుంది. విద్యుత్ ఓవెన్‌లో వేడి సమంగా ఉంటుంది. పైన గ్యాస్, కింద విద్యుత్తు ఉండే రేంజ్‌లు అందుకే ఎక్కువ ఖరీదు. వారానికి ఒక్కసారైనా రొట్టో కేకో కాల్చే ఇంటికి అది ఉపయోగమే. లేకుంటే అది మూకుళ్లు దాచుకునే అరగా మారుతుంది. ఆ డబ్బుతో మంచి హాబ్, విడిగా చిన్న ఓవెన్ రెండూ వస్తాయి.

దుకాణంలో మంట వెలిగించి చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఇంట్లో రోజూ వాడే పాలగిన్నెను, కుక్కర్‌ను వెంట తీసుకెళ్లి ఇనుప చట్రం మీద కదలకుండా నిలుస్తాయో లేదో చూడాలి. అతి పెద్ద బర్నర్‌ను అతి తక్కువకు తిప్పి, కింది అర తలుపును గట్టిగా వేస్తే మంట నిలిచిందా? నిలిస్తే, నీలంగా, వలయమంతా సమంగా ఉందా? తర్వాత సిబ్బంది చేతనే మంటను ఆర్పించి, నాబ్ తెరిచే ఉంచి, వాల్వ్ మూసుకుపోయే ‘టక్’మన్న చప్పుడు వినాలి. నిమిషం దాటినా వినబడకపోతే ఆ పొయ్యికి కాపలా లేనట్టే. కరెంటు పోతే అగ్గిపుల్లతో వెలుగుతుందా అన్నది కూడా అడగాలి. టైమర్లు, విద్యుత్ వాల్వ్‌లు ఉన్న కొన్ని ఖరీదైన హాబ్‌లు వెలగవు. గాజుకు, బర్నర్‌కు, వాల్వ్‌కు వారంటీ గడువులు చాలాసార్లు వేర్వేరుగా ఉంటాయి, ఆ మూడింటినీ బిల్లు మీద రాయించుకోవాలి. ఇంట్లో బిగించిన రోజున, పనివారు వెళ్లకముందే, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు రాసి బుడగలు రావడం లేదని కళ్లారా చూసుకోవాలి.